ఘనంగా ప్రారంభమైంది సరే, అమ్మేదేమిటి?

మా రోజుల్లో ఊళ్ళో కొత్తగా కొట్టు పెట్టినా, మిల్లు పెట్టినా, పెట్టినవాడే ప్రెస్ నోట్ పట్టుకుని పత్రికాఫీసు మెట్లెక్కేవాడు. తెల్లకాగితం మీద ఒకవైపే రాసి, ఎడమపక్క మార్జిన్ వదిలి, వరసకీ వరసకీ మధ్య మేం దిద్దుకోవడానికి చోటుంచి, కింద సంతకం చేసి తెచ్చేవాడు. ఒకవైపే ఎందుకంటే, కంపోజిటర్లు ఆ కాగితాన్ని ముక్కలు చేసి పంచుకునేవారు. వెనకవైపు కూడా రాస్తే ఆ సగం వార్త పోయినట్టే. ఈ సంగతి సోడా కొట్టు యజమానికి కూడా తెలుసు. తెలియకపోతే ఆ ఊరి విలేకరి చెప్పేవాడు. దూరపు ఊళ్ళ నుంచైతే న్యూస్ కవరు ఆర్టీసీ బస్సులో వచ్చేది. ఆఫీసు కుర్రాడు బస్టాండులో కాచుకుని ఉండి అందుకునేవాడు.

ఇంత శ్రమ ఉంది కాబట్టి పంపేవాడు నాలుగు మాటలు ఆలోచించి రాసేవాడు. మనిషి ఎదురుగా నిలబడి ఉండేవాడు కాబట్టి, కాగితంలో లేనిది మేం అడిగేవాళ్ళం. ఏమయ్యా, సోడా ఎంతకమ్ముతున్నావు? నీళ్ళెక్కడివి? ఎంతమందికి పనిచ్చావు? ఇదివరకు ఏం చేసేవాడివి? అసలు వార్త ఆ జవాబుల్లో దొరికేది. పక్క జిల్లా నుంచి రోజూ లారీలో వచ్చే సరుకు ఇకమీదట ఊళ్ళోనే తయారవుతుందని తెలిసేది. ఆ ముక్క తీసి పైన పెట్టి, మిగతాది కుదించి, సింగిల్ కాలమ్‌లో వేసేవాళ్ళం. మర్నాడు జనం ఆ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళేవారు.

ఇప్పుడు? పేజీలు ప్రెస్సుకు వెళ్ళబోయే వేళకు వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ దిగుతుంది. ఊళ్ళో ఉన్న విలేకర్లందరికీ అదే. కొన్ని పీడీఎఫ్‌లు, కాపీ చేస్తే అక్షరాలు రావు. కొన్ని అను ఫాంట్లలో కొట్టించి అలాగే అంటించినవి; ఫోన్‌లో తెరిస్తే గుర్తులూ గీతలూ తప్ప ఒక్క తెలుగక్షరం కనబడదు. యూనికోడ్‌లో టైప్ చేసి, మెసేజ్‌లోనే పెడితే పోయేదానికి ఇంత అవస్థ ఎందుకు? నేను రిటైరయ్యాను గానీ, నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు జిల్లా డెస్కులో ఉన్న పిల్లలు ఇలాంటివి తెచ్చి చూపిస్తుంటారు. చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఈమధ్య ఒక పిల్లవాడు చూపించింది గానుగ నూనెవాళ్ళ ప్రెస్ నోట్. "పట్టణ ప్రజల చిరకాల వాంఛను నెరవేరుస్తూ అత్యాధునిక హంగులతో ప్రతిష్ఠాత్మకంగా నెలకొల్పిన గానుగ నూనె కేంద్రం ప్రముఖుల సమక్షంలో అంగరంగ వైభవంగా ప్రారంభమైంది." ఆ తర్వాత వచ్చినవాళ్ళ పేర్లు, పదవులు, హోదాలు. ఆపైన, ఆరోగ్యమే మహాభాగ్యమని ముఖ్య అతిథి చెప్పిన మాటలు. చివర కృతజ్ఞతలు. ఏ నూనె అమ్ముతారో లేదు. లీటరు ఎంతో లేదు. కొట్టు ఏ వీధిలోనో లేదు. పెళ్ళి ఎక్కడో రాయని శుభలేఖ ఇది.

ఆ పిల్లవాడితో నేనే ఫోన్ చేయించాను. యజమాని మంచి మనిషి, ఓపిగ్గా అన్నీ చెప్పాడు. కొయ్య గానుగ, మోటారుతో తిరుగుతుంది. నువ్వుల నూనె, పల్లీ నూనె, కొబ్బరి నూనె తీస్తారు. మన నువ్వులు మనం తీసుకెళ్తే కళ్ళముందే ఆడించి ఇస్తారు. నువ్వుల నూనె తీశాక మిగిలే తెలగపిండి కూడా విడిగా అమ్ముతారు. ఆ చివరి ముక్క విని నేను కుర్చీలోంచి లేచాను. బాలింతకు మునగాకూ తెలగపిండీ వండి పెట్టాలనుకునే ఇల్లాలు ఈరోజుల్లో మంచి తెలగపిండి కోసం ఎన్ని కొట్లు తిరగాలో! అదీ వార్త. ఆవిడ ఆ ముక్క కత్తిరించి దాచుకుంటుంది. నోట్‌లో ఆ మాటే లేదు, శాలువా కప్పినవాళ్ళ పేర్లు మాత్రం అన్నీ ఉన్నాయి.

ధర సంగతి కూడా అంతే. గానుగ నూనె ఖరీదెక్కువని జనం వెనక్కి తగ్గుతారని భయపడి ఆయన ధర రాయలేదట. ఎందుకెక్కువో చెబితే భయం దేనికి? గానుగలో లీటరు పల్లీ నూనె తీయాలంటే ఇంచుమించు రెండున్నర, మూడు కిలోల పప్పు పడుతుంది. పెద్ద ఫ్యాక్టరీలో గింజల పిప్పిలో మిగిలిన నూనె కూడా సాల్వెంట్ పెట్టి లాగేస్తారు, గానుగలో అది మిగిలిపోతుంది. ఈ లెక్క రెండు వాక్యాల్లో రాస్తే చదివేవాడు తనే కూడుకుని ధర సరిపోయిందంటాడు. ధర దాచిపెడితే మాత్రం ఏదో ఉందనుకుంటాడు.

ఇంకో సంగతి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. చోటు చాలనప్పుడు పేజీ పెట్టేవాడు వార్తను కింది నుంచి కోస్తాడు. సీసం అక్షరాల కాలంలోనూ అంతే, కంప్యూటర్ వచ్చాకా అంతే. కింది పేరా, దాని పైది, ఆ పైది ఎగిరిపోతాయి. మీ కొట్టు చిరునామా, వేళలు, ఫోన్ నంబరు అడుగున పెడితే కత్తెర ముందు పడేది వాటిమీదే. మిగిలేది ముఖ్య అతిథి జ్యోతి వెలిగించిన సంగతి. కొత్తగా జనానికి ఏం దొరుకుతుంది, ఎక్కడ, ఎంతకు, ఎప్పటినుంచి - ఇవన్నీ మొదటి రెండు మూడు వాక్యాల్లోనే రావాలి. అంతవరకే అచ్చయినా మీ పని జరిగిపోతుంది. అతిథుల పేర్లు చివర ఉంటే ఉన్నాయి, పోతే పోయాయి.

ఫొటో విషయంలో ఇప్పటివాళ్ళకున్న వసతి నిజంగా గొప్పది, కాదనను. మాకు ఫొటో వేయాలంటే జింకు బ్లాకు చేయించాలి. డబ్బూ ఖర్చే, వేళా ఖర్చే. చిన్న వ్యాపారి ఫొటో పేపర్లో పడటమంటే అరుదు. ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా క్షణంలో వస్తుంది. వచ్చిందాంట్లో ఏముంటుంది? రిబ్బన్ వెనక వరసగా నిలబడ్డ జనం! గానుగ ఎక్కడో వాళ్ళ భుజాల వెనక. తిరుగుతున్న రోకలి, కారుతున్న నూనె, పక్కన నిలబడి నువ్వులు పోస్తున్న మనిషి - ఒక్కటి చాలు. దాన్నయినా ఫొటోలా పంపితే వాట్సాప్ నలిపేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే అచ్చుకు పనికొస్తుంది.

ఇక గొప్పలు. మోకాళ్ళ నొప్పులు పోతాయి, షుగర్ తగ్గుతుంది, గుండెకు రక్ష - అన్నీ రాసేస్తున్నారు. ఇది నాకు అన్నిటికన్నా బాధ. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో 53వ సెక్షన్ ఉంది. తిండి సరుకు గురించి తప్పుదోవ పట్టించే ప్రకటన ఇస్తే 10 లక్షల రూపాయల దాకా జరిమానా. ప్రచురించినవాళ్ళూ తప్పించుకోలేరు. అందుకే బుద్ధున్న సబ్ ఎడిటర్ ఆ ముక్క కొట్టేస్తాడు, అనుమానమొస్తే నోట్ మొత్తం పక్కన పడేస్తాడు. జబ్బు తగ్గుతుందనే బదులు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు రాయండి. ఆ నంబరు చూస్తే డెస్కువాళ్ళకు మీమీద నమ్మకం కుదురుతుంది.

సరుకు మంచిదైతే గొప్పలు అక్కర్లేదు. 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీత సభలకు వెళ్ళి అక్కడివాళ్ళకు దాన్ని ఊరికే పంచారు. రాసుకున్నవాడికి తలనొప్పి తగ్గితే వాడే పదిమందికి చెప్పాడు. చెడు కబురును కూడా దాచకుండా చెప్పినవాళ్ళున్నారు. అమెరికాలో 1906లో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్ళలో పడి యాభైమందికి పైగా పోతే, రైల్వే కంపెనీ ప్రచార వ్యవహారాలు చూసే ఐవీ లీ జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకిచ్చాడు. చరిత్రలో మొదటి ప్రెస్ నోట్ అదేనని చెబుతారు. విలేకర్లను అక్కడికి తీసుకెళ్ళే ఏర్పాటు కూడా చేశారు. తనను పెట్టుకున్న కంపెనీకి తలవంపులు తెచ్చే సంగతినే అంత నేరుగా చెప్పగలిగినప్పుడు, శుభమా అని కొట్టు తెరిచినవాడు నాలుగు నిజాలు రాయలేడా?

తప్పంతా వ్యాపారులదే అనను. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలెట్టాక, ఆ తోవలోనే మిగతా పత్రికలూ నడిచాక, చిన్న ఊరికీ చిన్న కొట్టుకూ పేపర్లో చోటొచ్చింది. అంత మంచి చోటును పత్రికలే పాడుచేసుకున్నాయి. యాడ్ ఇస్తేనే వార్త అని ముఖం మీదే చెప్పే రోజులొచ్చాయి. 2010లో ప్రెస్ కౌన్సిల్ తరఫున పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి పెయిడ్ న్యూస్ మీద నివేదిక రాశారు. అది ముఖ్యంగా ఎన్నికల వార్తల గురించి. కానీ ఆ జబ్బు కొట్టు ప్రారంభోత్సవం దాకా పాకింది. పాపం, పచ్చళ్ళు పెట్టుకుని బతికే ఇల్లాలు నోట్ ఇస్తూనే "ఎంతవుతుందండీ?" అని అడుగుతుంది. అమ్మా, డబ్బిచ్చి వేయించుకునేది ప్రకటన. నీ దగ్గర పాఠకుడికి పనికొచ్చే కబురుంటే నయాపైసా ఇవ్వనక్కర్లేదు. అడిగినవాడుంటే వాడి పై ఎడిటర్‌కు చెప్పు.

చివరగా ఒక మాట. నోట్‌లో ఫోన్ నంబరు ఇస్తారు కదా, అది ఎవరిదో చూసుకోండి. డెస్కు నుంచి ఫోన్ చేస్తే ఫ్లెక్సీ వేసినవాడు ఎత్తుతాడు, "మా సార్‌కి తెలుసండీ" అంటాడు. సార్ నంబరు అడిగితే స్విచ్చాఫ్. లీటరు ధర ఒక్కటి సరిచూసుకుంటే వెళ్ళిపోయే వార్త అలా ఆగిపోతుంది, మర్నాటికి పాతబడుతుంది. సాయంత్రం నాలుగింటిలోపు నోట్ పంపి, పేజీ వెళ్ళేదాకా ఫోన్ యజమానే దగ్గర పెట్టుకోవాలి. మా రోజుల్లో అయితే ఆ మనిషి ఆఫీసు బల్ల మీద కూర్చుని, మేం వార్త రాసి వినిపించేదాకా కదిలేవాడు కాదు.