పుట్టింటి ప్రయాణం

1888 ఆగస్టు. జర్మనీలోని మన్‌హైం. తెల్లవారకముందే బెర్తా బెంజ్ లేచింది. భర్త కార్ల్ నిద్రపోతున్నాడు. పదిహేనేళ్ల కొడుకునీ, పదమూడేళ్ల కొడుకునీ లేపింది. ముగ్గురూ కలిసి మూడు చక్రాల మోటారు బండిని బయటికి తీశారు.

పుట్టిల్లు ఫోర్జ్‌హైంలో. నూరు కిలోమీటర్ల పైమాటే. అంత దూరం అప్పటిదాకా ఏ మోటారు బండీ పోలేదు.

బండి పేటెంటు కార్ల్ పేరున ఉంది. 1886 నాటిది. అంతకు చాలాముందు, పెళ్లయినా కాకముందే, బెర్తా తన కట్నం సొమ్ము తెప్పించి అతని కార్ఖానాలో పెట్టించింది. బండి తయారైంది గానీ కొనేవాళ్లు రాలేదు.

వీస్లోఖ్ చేరేసరికి ఇంధనం కావాల్సి వచ్చింది. మందుల షాపులో బట్టల మరకలు తుడిచే ద్రావకం అమ్మేవారు. అది కొని పోయించింది. ప్రపంచంలో మొదటి పెట్రోలు బంకు తమదేనని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోయింది. బెర్తా టోపీకి చేయి పెట్టింది. జుట్టుకు టోపీని పట్టి ఉంచే పొడుగాటి పిన్ను ఉంది అందులో. లాగి గొట్టంలో దూర్చింది. నలక బయటపడింది. బండి కదిలింది.

ఇంకోచోట కరెంటు తీగ ఒరుసుకుపోయింది. మేజోడు కట్టు తీసి చుట్టింది. ఎత్తుల్లో దిగి తోయాల్సి వచ్చింది. పల్లాల్లో బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టే అతని చేత వాటికి తోలు కొట్టించింది.

చీకటి పడేవేళకి ఫోర్జ్‌హైం చేరారు. క్షేమంగా ఉన్నామని కార్ల్‌కి టెలిగ్రాం ఇచ్చింది. కొన్నాళ్లకి అదే బండిలో తిరిగొచ్చి, ఎత్తులు ఎక్కడానికి ఇంకో గేరు ఉండాలంది. కార్ల్ పెట్టాడు.

బెర్తా పుట్టింది ఫోర్జ్‌హైంలోనే. 1849 మే 3న. కాన్పు కబురు తండ్రి ఇంటి బైబిల్లో రాసిపెట్టుకున్నాడు. చిన్నతనంలోనే అది ఆమె కంటపడింది.

"దురదృష్టం. మళ్లీ ఆడపిల్లే."