ఘాజీని ముంచని జలాంతర్గామి

విశాఖలో కాపురమున్నవాళ్లకి ఒక పన్ను ఉంది. దానికి కార్పొరేషన్ రసీదు ఇవ్వదు, చుట్టాలే వచ్చి వసూలు చేసుకుంటారు. సంక్రాంతికో, దసరాకో, వేసవి సెలవులకో దిగిన ప్రతి బంధువునీ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాలి, కురుసుర సబ్‌మెరైన్ ఎక్కించి దింపాలి, మూరీ మిక్చర్ తినిపించాలి. ఇందులో నాకేమీ అభ్యంతరం లేదు. నా గొడవంతా ఇసుక మీద ఆ నల్లటి ఆకారం కనబడగానే చుట్టాల్లో పెద్దాయన గొంతు సవరించుకుని పిల్లలకి చెప్పే మాటతోనే.

"ఒరేయ్, చూశారా? పాకిస్తాన్ వాళ్ల ఘాజీని ముంచేసింది ఇదే!"

ముంచలేదండీ. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి, విశాఖ రేవు ఎదుట, బంగాళాఖాతంలో. కురుసుర ఆ రోజుల్లో గస్తీ కాసింది అరేబియా సముద్రంలో. నవంబరు 30న సాటి జలాంతర్గామి కరంజ్‌ని కలుసుకుని, తన ఆదేశాలు దానికి అప్పజెప్పి, డిసెంబరు 4కి ముంబై చేరుకుంది. ముంబైకీ విశాఖకీ మధ్య దేశం అడ్డంగా పడుకుని ఉంది. జలాంతర్గామి నీళ్ల కింద నడుస్తుంది గానీ దక్కను పీఠభూమి కింద నడవదు కదా.

ఈ ముక్క చెబితే పెద్దాయన కోప్పడడు. జాలిగా నా వంక చూసి, "నువ్వు సినిమా చూళ్లేదా?" అంటాడు.

చూశాను. 2017లో వచ్చిన 'ఘాజీ' మంచి సినిమానే, జాతీయ పురస్కారం కూడా వచ్చింది. ఇది కల్పిత కథ అని తీసినవాళ్లు ముందే చెప్పుకున్నారు. ఆ ముక్క తెర మీద పడే వేళకి మనవాళ్లు ఇంకా పాప్‌కార్న్ కౌంటర్ దగ్గరున్నారు, అదీ సంగతి. పైగా సినిమాలో ఘాజీతో తలపడేది ఎస్21. నిజం నౌకాదళంలో ఎస్21 అంటే కరంజ్, కురుసుర నంబరు ఎస్20. ఒక్క అంకె తేడాకి ఇంత పట్టింపా అనుకుంటే, రైలు టికెట్టు మీద బెర్తు నంబరు విషయంలో ఇదే పెద్దాయన ఎంత పట్టింపుగా ఉంటాడో స్టేషన్లో చూడాలి.

ఆ మాట పెద్దాయన ఒక్కడిదే అయితే వదిలేద్దును. బీచ్ దాకా తెచ్చిన ఆటో అబ్బాయిదీ అదే మాట, రీళ్లు తీసేవాళ్లదీ అదే మాట. లోపల గైడ్ కాదంటే, "ఆయనకేం తెలుసు?" అని బయటికొచ్చాక తీర్పు. ఆ గైడ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఆ ఒక్క కారణం చేత వాళ్ల మాట చెల్లదు.

ఇంతకీ నిజం కథ చప్పగా ఉందా అంటే, సినిమావాళ్లు అసూయపడేలా ఉంది. ఘాజీ వచ్చింది మన ఏకైక విమానవాహక నౌక విక్రాంత్ కోసం. అప్పుడు తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన విక్రాంత్‌ని దూరంగా అండమాన్లకి పంపేసి, విశాఖ దగ్గర రాజ్‌పుత్ అనే పాత యుద్ధనౌక చేత విక్రాంత్ వేషం కట్టించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు వాడి వదిలిన నౌక అది, విరమణకి దగ్గర పడింది. ఆ ముసలి ఓడ విక్రాంత్‌లా వైర్‌లెస్‌లో తెగ వాగింది. తల్లి ఒంట్లో ఎలా ఉందో అడుగుతూ విక్రాంత్ నావికుడు పంపినట్టుగా ఒక మామూలు టెలిగ్రాం కావాలనే బయటికి పోనిచ్చారు. అన్నిటికన్నా నాకు నచ్చిన ఎత్తు వేరే ఉంది. పెద్ద దళం రేవుకి వస్తోందన్నట్టు మాంసం, కూరగాయలు భారీ ఎత్తున కావాలని కంట్రాక్టర్లకి పురమాయించారు. బజారులో పుట్టిన గుసగుస శత్రువు చెవిన పడుతుందని ఆయన లెక్క.

అంటే వంకాయల బేరాన్ని కూడా యుద్ధంలో వాడుకున్నారన్నమాట. ఈ కథ నేను ఎత్తుకుంటే చుట్టాలు ఫోన్లు తీస్తారు. కూరగాయల్లో వీరం ఎక్కడుంది?

ఆ రాత్రి రాజ్‌పుత్ రేవు దాటి వెళ్తూ నీళ్లలోకి డెప్త్ చార్జీలు వదిలింది. ఘాజీ వాటికే మునిగిందని మన నౌకాదళం మాట. తాను పరిచిన మందుపాతరల వల్లో, లోపలి పేలుడు వల్లో పోయిందని పాకిస్తాన్ వాదన. ఆ తగువు యాభై ఏళ్లు దాటినా తెగలేదు. అందులో ఉన్న 93 మందీ చనిపోయారన్నది మాత్రం ఎవరూ కాదనరు. మీరు ఏ వాదన నమ్మినా సరే, అందులో కురుసురకి చోటు లేదు.

మరి ఈ అబద్ధం ఎందుకింత గట్టిగా నిలబడిందని ఆలోచిస్తే నాకు ఒకటే తోస్తుంది. ఎవర్నీ చంపని ఆయుధాన్ని గౌరవించడం మనకి చేతకాదు. టికెట్టు కొన్నాం కాబట్టి ఒక్క శవమైనా చూపించాలి. లేకపోతే డబ్బులు దండగ.

కురుసుర ఖాతాలో శవాలు లేవు. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో మన జెండా ఎగరేసుకుంది. 31 ఏళ్లు పనిచేసింది, 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది, 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 1971లో దానికిచ్చిన ఆజ్ఞ, ఎదుటిది శత్రునౌకేనని రూఢి అయ్యాకే కొట్టమని. అలా రూఢి చేసుకుంటూ, కొట్టకుండా, తిరిగొచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు దాని భాగాలు ఊడదీసి వేరే జలాంతర్గాములకి బిగించడంతో కదలకుండా పడి ఉంది. మళ్లీ బాగుచేసి నీళ్లలోకి దింపారు. ఇలాంటి ఉద్యోగ చరిత్రతో మన ఆఫీసుల్లో సన్మానం కూడా జరగదు. ఇక రీల్ ఎవడు తీస్తాడు?

2002 ఆగస్టు నుంచి అది మ్యూజియం. లోపలికెళ్తే మొదట కనిపించేవి ముందువైపు ఆరు టార్పెడో గొట్టాలు. వెనక ఇంకో నాలుగున్నాయి. మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. వాటి పక్కనే, పైనా కిందా నావికుల పడకలు, కదిలితే మోచేయి ఇనుముకి తగిలేంత దూరంలో. పొడుగు 91 మీటర్లు, మనుషులు 75 మంది. గదికీ గదికీ మధ్య గుండ్రటి రంధ్రాల్లాంటి తలుపులు. వాటిలోంచి పోవాలంటే ముందు ఒక కాలు పెట్టాలి, తర్వాత నడుం వంచాలి, ఆఖరికి తల. మనవాళ్లు ముందు తల పెడతారు. ఠంగుమని చప్పుడయ్యాక "ఇంత చిన్నగా కట్టారేంటండీ?" అని గైడ్‌ని నిలదీస్తారు. ఒక గదిలోకి నీళ్లొస్తే ఆ తలుపు బిగించి మిగతా గదుల్ని కాపాడుకోవడానికండీ అని ఆయన చెప్పేలోపు వీళ్లు రెండు గదులు దాటేసి ఉంటారు.

తర్వాతి ప్రశ్న ఎప్పుడూ కిటికీల గురించే. "మరి చేపలు ఎలా కనిపించేవి?" కనిపించేవి కావు. లోతుకి పోయాక పెరిస్కోప్ కూడా పనికిరాదు. ఆ 75 మందికీ సముద్రమంటే సోనార్ దగ్గర కూర్చున్నవాడి చెవిలో పడే చప్పుడే. డీజిల్ ఇంజన్లకి గాలి కావాలి కాబట్టి లోపలికి మునిగాక బ్యాటరీల మీదే నడవాలి. అవి అడుగంటకముందే గొట్టం పైకి పెట్టి గాలి పీల్చుకుంటూ చార్జి చేసుకోవాలి, ఆ చప్పుడు ఎవడి చెవినా పడకూడదని దండం పెట్టుకోవాలి. గరిటె కింద పడినా ప్రమాదమే అనుకుంటూ బతికిన చోట ఇవాళ ముగ్గురు కుర్రాళ్లు స్పీకర్ ఆన్ చేసి స్టెప్పులేస్తుంటారు. నాలుగో కుర్రాడు బొమ్మ నావికుడి భుజం మీద చెయ్యేసి ఫొటోకి నవ్వుతాడు. బొమ్మ కాబట్టి ఊరుకుంది.

ఇంత చూసి వెనక తలుపు లోంచి దిగాక పెద్దాయన తేల్చే మాట: "ఏముంది, అన్నీ పైపులే."

దేశభక్తికి లోటేమీ లేదు, అది పుష్కలం. ఘాజీ ఏ నౌకని వెతుక్కుంటూ మన తీరానికొచ్చి ప్రాణం పోగొట్టుకుందో ఆ విక్రాంత్ ఏమైందో వీళ్లలో ఎవరినైనా అడగండి. 1997లో విరమించింది. ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉంచారు. 2012లో మూసేశారు, నిలబెట్టడానికి డబ్బుల్లేవని 2014లో తుక్కు కింద అమ్మేశారు. ఆ ఇనుములో కొంత ఒక కంపెనీ కొని 2016లో మోటారు సైకిళ్లలో వాడింది. జనం మురిసిపోయి కొన్నారు. విక్రాంత్‌ని ఓడగా నిలబెట్టుకోలేకపోయాం, పెట్రోలు ట్యాంకు చేసి ఊరేగాం. తర్వాత మరో విమానవాహక నౌక విరాట్ వంతు వచ్చింది. మ్యూజియం చేస్తామని ఒకప్పుడు మన రాష్ట్రమూ ఉత్సాహం చూపింది. ఖర్చు లెక్క దగ్గరికొచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. 2020లో అది గుజరాత్‌లోని అలంగ్ తీరానికి, ముక్కలైపోవడానికి వెళ్లింది.

ఇంత పెద్ద ఓడలు పోగా మనకి మిగిలింది ఇసుక మీద నిలబడ్డ ఈ 91 మీటర్లు. దానికి చెయ్యని హత్య అంటగడితే గానీ మనకి తృప్తి లేదు.

కాబట్టి చుట్టాలకి నాదొకటే మనవి. రండి, తప్పకుండా రండి. లోపల గైడ్ కనిపిస్తే "ఘాజీని ముంచింది ఇదేనా?" అని అడగండి, తప్పులేదు. ఆయన "కాదండీ" అంటాడు. అక్కడితో కదిలిపోకుండా, ఆ తర్వాత చెప్పే నాలుగు మాటలూ విని బయటికి రండి. మూరీ మిక్చర్ బండి ఎక్కడికీ పోదు.