నడవనట్టి బండి: ఒక ఉరవకొండ ఆటవెలదికి టీకా తాత్పర్యము

మూలము

చేత నిమిడి పోవు చిన్ని కార్లను దెచ్చి
యట్ట విప్పకుండ నలమరందు
దుమ్ము దులుపుచుండు దొరవలె నొక్కండు
నడవనట్టి బండి నడుపు ఘనుడు

అవతారిక

ఈ పద్యకర్త మా ఉరవకొండవాడే. పేరు వేయవద్దన్నాడు. పద్యనాయకుడు ఆయనకు సొంత అల్లుడు కావడమూ, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండడమూ, ఇద్దరికీ అన్నం వడ్డించేది ఒకే మనిషి కావడమూ అందుకు కారణాలు. కవి ముప్పై ఏళ్ళు లారీ తోలినవాడు. శెనక్కాయ మూటలు వేసుకొని గుంతకల్లు, ఆదోని, బళ్ళారి తిరిగిన మనిషి. ఆయన ఛందస్సు లారీల వెనకాల రాతలు చదివి నేర్చుకున్నదని మా వీధిలో అంటారు. గణాలన్నీ సరిపోతున్నాయి గనుక ఆ మాట నేను నమ్మను.

నాయకుడు చీరల వ్యాపారి. మా ఊరి మగ్గాల మీద నేసిన పట్టుచీరలు మూట కట్టుకొని నెలకు రెండుసార్లు బెంగళూరు పోతాడు. పోయేటప్పుడు చీరలు, వచ్చేటప్పుడు కార్లు. లోహంతో పోత పోసిన బొమ్మకార్లు, డైక్యాస్టు అని లోకవ్యవహారం. ఇప్పటికి మూడు వందల పైచిలుకు చేరాయి. ఇంటి ముందు మాత్రం ఒక పాత మోపెడ్ నిలబడి ఉంటుంది.

మెతుకుసీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాట ఇచ్చి మరీ కాళిదాసుకు టీకలు రాశాడు. ఆ రెండు నియమాల్లో ఏ ఒక్కటి పాటించినా ఈ పద్యానికి నాలుగు వాక్యాల టీక చాలు. నేను ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. నాలుగు వాక్యాలతో గంట కొట్టేదాకా లాగిన అనుభవం ఉంది.

ప్రతిపదార్థము

చేతన్ ఇమిడిపోవు = అరచేతిలో పట్టునట్టి. ఎంత చిన్నవని శిష్యుడి ప్రశ్న. కొలత 1:64. అంటే నిజం బండిలో అరవై నాలుగో పాలు. కళలు అరవై నాలుగు గనుక, కారును కళకొక్క పాలు చొప్పున పంచితే ఒక కళ వాటాకు వచ్చింది ఈ కారు అని ఒక పక్షం. ఆ పక్షంలో నేనొక్కణ్ణే ఉన్నాను. రెండో పక్షంవారు బొమ్మ రైళ్ళ లెక్క చూపిస్తారు. నిజం రైలులో అడుగు పొడవు బొమ్మలో 3/16 అంగుళం అవుతుంది, భాగించుకుంటే అరవై నాలుగే వస్తుంది. ఉదాహరణ మన దగ్గరిదే చూద్దాం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 ఆగస్టులో మొదట బయటికొచ్చిన సెల్టోస్ పొడవు 4,315 మిల్లీమీటర్లు. అరవై నాలుగుతో భాగిస్తే 67. చూపుడువేలంత. ఆ ఫ్యాక్టరీని సాలుకు మూడు లక్షల కార్లు చేసేలా కట్టారు. అన్నిటినీ ఈ కొలతకు కుదిస్తే మా నాయకుడి అలమరలు ఎన్ని కావాలో లెక్క వేయబోయి, ఆయనకు లేనిపోని ఆశ పుడుతుందని మానుకున్నాను.

ఈ కొలత కూడా పూర్తి సత్యం కాదు. చవక రకాల్లో అన్నీ ఒకే అట్టకు పట్టాలి గనుక బస్సునూ కారునూ కుదించి ఒకే పొడవుకు తెస్తారు. ఇక్కడే కవికి మండింది. "లారీ కారంతే ఉంటే మూటలు యాడ పడ్తాయప్పా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మామ మీద గౌరవంతో అల్లుడు ఇప్పటికీ జవాబు చెప్పలేదు.

ఈ చిన్నదనానికి మూలకథ లండన్‌లో ఉంది. లెస్నీ కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఆయన కూతురు చదివే బళ్ళో, అగ్గిపెట్టెలో పట్టే వస్తువైతేనే తేవాలని నియమం ఉండేదట. ఆ పిల్ల అగ్గిపెట్టెలో సాలెపురుగులు పట్టుకుపోతుంటే తండ్రి హడలిపోయి, అంతే కొలతలో ఒక ఇత్తడి రోడ్డురోలరు చేసిచ్చాడట. 1953లో ఆ కంపెనీలోనే పుట్టిన మ్యాచ్‌బాక్స్ బండ్లకు అదే నాంది అంటారు. నియమానికి లొంగి నియమాన్ని గెలిచిన పద్ధతి. వామనుడు బలి దగ్గర చేసిందీ ఇదే, కాకపోతే ఆయన తర్వాత పెరిగాడు, ఈ బండ్లు పెరగలేదు.

చిన్ని కార్లను = స్వల్పపరిమాణము గల శకటములను. లోహం పేరు జమక్. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి, ఈ నాలుగింటి జర్మన్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఆ మాట అవుతుంది. 1929లో అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ తెచ్చిన మిశ్రమం. కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొడితే తలుపు సందుతో సహా దిగుతుంది. ఇందులో ఒక రహస్యముంది. జింకులో సీసం కాస్త కలిసినా, ఏళ్ళు గడిచాక లోహం లోలోపలే చిట్లి, ఉబ్బి, చేతిలో పొడిపొడి అవుతుంది. 1930లలో వచ్చిన డింకీ బొమ్మకార్లు ఎన్నో ఇలాగే పోయాయి. దీనికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు తెలుగులో చెబితే జింకు తెగులు. శెనక్కాయకు తిక్కాకు తెగులు, కారుకు జింకు తెగులు. మందు రెంటికీ తెగులు సోకకముందే ఆలోచించాలి. లోపల సీసం ఉండాలే గానీ, గాలిలో తేమ దానికి దన్ను. మాకు సాలుకు కురిసేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కోస్తాలో కార్లు సేకరించేవాళ్ళు తేమ పీల్చే పొట్లాలు కొని అలమరలో పెట్టుకుంటారు. మాకు ఆ పొట్లం దేవుడే ఊరంత కట్టి పెట్టాడు. శెనక్కాయను ఎండబెట్టిన గాలే జింకును కాపాడుతోంది. ఈ సంగతి కవికి చెబితే "అయితే ఇంక పంటలబీమా కార్లకే ఇప్పించుకోండి" అన్నాడు.

తెచ్చి = సంపాదించి. ఈ ఒక్క క్రియలో పెద్ద యాత్ర ఉంది. అంగళ్ళలో కొక్కేలకు వేలాడే అట్టల్లో వెనకాల ఎక్కడో ఒకటి దాక్కుని ఉంటుంది. 1968లో మొదలైన హాట్ వీల్స్‌వాళ్ళు 1995 నుంచి కొన్ని బండ్లను కావాలనే తక్కువ వదిలి, వాటికి ట్రెజర్ హంట్ అని పేరు పెట్టారు. అవి దొరికితే పండగ. అట్టలు ఒక్కొక్కటే జరుపుతూ వంగి వెతికే అల్లుణ్ణి చూస్తే నాకు వజ్రకరూరు గుర్తొస్తుంది. తొలకరి పడగానే అక్కడి చేలల్లో జనం వజ్రాల కోసం నేల మీదనుంచి చూపు ఎత్తకుండా నడుస్తారు. మా ఊరికి అది పొరుగూరే. ఆ నడక మా నీళ్ళలో ఉన్నట్టుంది. సినిమా టిక్కెట్లలాగా వీటికీ బ్లాకువాళ్ళున్నారు. తెల్లారేసరికి అంగడి తలుపు దగ్గర నిలబడి, మంచివన్నీ ఎత్తుకుపోయి, మూడింతలకు అమ్ముతారు.

సర్కారు కూడా ఈ క్రియను బరువు చేసింది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి ఎక్కింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు లేని బొమ్మ అమ్మకూడదు. అల్లుడు బెంగళూరు నుంచి దిగులుగా దిగితే చీరలు అమ్ముడుపోలేదనుకునేది ఆయన భార్య. చీరలు అమ్ముడుపోయి ఉంటాయి.

స్వదేశీ ముచ్చట ఒకటి. 1968 ప్రాంతాల్లో డింకీ పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరాయి. అచ్చులో డింకీ అనే పేరు చెరిపి నిక్కీ అని చెక్కుకొని ఇక్కడే పోత పోశారు. తాళపత్రాల్లో లేఖకుడి పొరపాటు వల్ల పాఠభేదం వస్తుందని విన్నాం. ఆకురాయితో రుద్ది తెచ్చిన పాఠభేదం ఇదొక్కటే.

అట్ట విప్పకుండన్ = ప్లాస్టిక్ బుడగ చింపక, అట్ట చించక. ఇక్కడ మతభేదం తీవ్రం. సంపుటవాదులు, ఉద్ఘాటనవాదులు అని రెండు తెగలు. ఈ పేర్లు నేను పెట్టినవి, వాళ్ళు ఇంగ్లీషులో తిట్టుకుంటారు. అట్టతో ఉంటేనే విలువ, విప్పిన మరుక్షణం సగం ధర పోతుందని మొదటివారు. ముట్టుకోని కారు కారెలా అవుతుందని రెండోవారు. మా నాయకుడు మొదటి తెగలో కరడుగట్టినవాడు. ఒకటే కారు రెండు కొంటాడు, ఒకటి విప్పడానికి, ఒకటి దాచడానికి. తర్వాత రెంటినీ దాచేస్తాడు. ఆరేళ్ళ కొడుకు ఒకసారి ఒక నీలం కారు అట్ట చింపినప్పుడు ఆ ఇంట్లో రెండు పూటలు మాటల్లేవు. వాణ్ణి సమర్థించింది తాత. కారు నేల మీద జర్రున పోయి గోడకు కొట్టుకున్న చప్పుడు విని "అదీ బండంటే" అన్నాడట.

అలమరందున్ = గాజు తలుపుల గూటిలో. "అలమరయందు" అనాలని పండితులు పట్టుబడితే, లారీ తోలినవాడికి అడ్డదారి తెలుసని నా సమాధానం. బొమ్మలు పేర్చి చూపడమేమి పిచ్చి అని కవి భావం కాబోలు. నేను ఒప్పుకోను. దసరాకు మన ఇళ్ళలో బొమ్మల కొలువు పెట్టడం లేదా? మెట్లు బేసిసంఖ్యలో ఉండాలి, పైన దేవుళ్ళు, కింద కొండపల్లి ఎడ్లబండి. తెల్లపొణికి కర్రతో చేసిన ఆ బండీ నడవదు. కొలువు కింద పిల్లలు ఇసుక పోసి, ఆవాలు మొలిపించి పార్కు కట్టి, దారి వేసి, దాని మీద పెట్టేవి ఏమిటి? ఈ కార్లే. తేడా ఒక్కటి. కొలువు పది రోజులకు ఎత్తేస్తారు. అల్లుడి కొలువు ఎత్తేది లేదు. పేరంటాళ్ళూ లేరు, శనగలూ లేవు.

దుమ్ము దులుపుచుండు = ధూళిని తొలగించుచుండును. ఈ పద్యానికి ప్రాణం ఈ పదం. మా ఊరి పేరు ఉరగకొండ నుంచి వచ్చిందంటారు, పడగ విప్పిన పాములాగా ఉంటుంది కొండ. ఆషాఢంలో ఆ పడగ బుస కొడుతుంది. చుట్టుపక్కల గుట్టల మీద గాలిమరలు పాతినవాళ్ళు ఊరికే పాతలేదు. ఆ మరల రెక్కలు మోసుకుంటూ పోయే ట్రైలర్లు మా రోడ్డు మలుపులో తిరగలేక గంటలు గంటలు నిలబడితే, కొండ మీదనుంచి చూసినవాడికి అవీ బొమ్మబండ్లే. అంత గాలి ఎర్రమట్టిని లేపి, కిటికీ మూసినా, తలుపు సందులో గుడ్డ కుక్కినా, గాజు అలమరలోకి పోతుంది. అట్టల మీద పలుచగా కూర్చుంటుంది. తడిగుడ్డ పెడితే అట్ట పాడు. గట్టిగా రుద్దితే బుడగకు గీతలు. కాబట్టి రంగులేసే మెత్తని కుంచెతో, ఊపిరి బిగబట్టి, పై అర నుంచి కింది అరకు. ఎండ తగిలితే అట్ట రంగు వెలుస్తుందని కిటికీకి ముదురు తెర. ఆ చీకటిలో సెల్‌ఫోను వెలుతురులో దులుపుతాడు.

"దులుపుచుండు" అన్న వర్తమానం గమనించాలి. దులిపెను అనలేదు. ఈ పని అయిపోయేది కాదని కవి సూచన. ఇక్కడ ఆ ఇంటి ఇల్లాలు చెప్పిన మౌఖిక వ్యాఖ్య ఒకటి చేర్చక తప్పదు: "ఫ్యాను రెక్క మీద దుమ్ము ఈయనకు కనపడదు."

దొరవలెన్ = ప్రభువువలె. ఉపమ. కడపలో పండితులకు జీతాలిచ్చి ప్రబంధాలకు టీకలు రాయించిన బ్రౌను దొర గుర్తుకు రాక మానడు. అవును, ఆయన కూడా అలమర నింపినవాడే, ఇతరులు చెత్త అనుకున్న ప్రతులతో. కవికి ఈ ధ్వని ఉద్దేశం కాదు. వెక్కిరించడమే ఉద్దేశం.

ఒక్కండు = ఒకానొకడు. ఊరంతటికీ ఒకడే.

నడవనట్టి బండి నడుపు ఘనుడు = చలనరహిత శకటమును చలింపజేయు గొప్పవాడు. విరోధాభాసం. మా సీమలో బండి నడపడమనరు, తోలడమంటారు. అయినా కవి నడుపు అనే రాశాడు. నాలుగో గణం మొదటి అక్షరం, పాదం మొదటి "న"తో యతికి కుదరాలి గదా. తోలేవాడికి వాడే మాట ఈయనకు ఇవ్వబుద్ధి కాలేదని ఇంకో కారణం చెప్పవచ్చు.

తాత్పర్యము

ఒకాయన బొమ్మకార్లు కొని, విప్పకుండా, గూట్లో పెట్టి, దుమ్ము దులుపుకుంటున్నాడు. ఇంతే.

పాఠాంతరము

మూలప్రతి ఒక కరెంటు బిల్లు వెనకాల ఉంది. నాలుగో పాదం చివర కొట్టివేత కనిపిస్తుంది. నల్ల సిరాలో మొదట ఉన్న మాట "జడుడు". దాన్ని కొట్టేసి, పైన నీలం సిరాతో "ఘనుడు" అని దిద్ది ఉంది. రెండూ మూడేసి లఘువులే. గణానికి భంగం లేదు, యతి ఇక్కడ పడదు. కాబట్టి ఛందస్సు కోసం దిద్దినది కాదు. కారణం ఇంట్లోవాళ్ళను విచారించగా తెలిసింది.

పోయిన దసరా ఆయుధపూజ నాడు వీధిలో ప్రతి బండికీ బంతిపూల దండ, గుమ్మడికాయ. కవి లారీ అమ్మేసి పదేళ్ళయింది. అరుగు మీద ఊరికే కూర్చొని ఉన్నాడు. అల్లుడు లోపల్నుంచి ఒక లారీ తెచ్చి ఎదుట పెట్టాడు. నారింజ ముఖం, వెనకాల చెక్క తొట్టి లాగా రంగు, పొడవు జానెడు. అట్ట లేదు, విప్పేశాడు. "డైక్యాస్టు కాదు మామా, మన సెంటీ బొమ్మలవాళ్ళ ప్లాస్టిక్కు. ఆ రకం లోహంలో యాడా దొరకలేదు" అని క్షమాపణగా చెప్పాడు.

కవి దాన్ని తిప్పి తిప్పి చూసి "ఎన్ని మూటలు పడ్తాయప్పా?" అన్నాడు. కుంకుమ బొట్టు పెట్టాడు. చక్రం కింద పెట్టడానికి నిమ్మకాయ తెస్తే అది చక్రం కన్నా ఎత్తుంది. అందుకని ఒక శెనక్కాయ ఒలిచి గింజ పెట్టి, వెనక్కి లాగి వదిలాడు. గింజ పగల్లేదు, బండే ఎగిరి పక్కకు పడింది. నిలబెట్టి, ఇంకోసారి తోలాడు. మనవడు వచ్చి గింజ తినేసేదాకా తోలాడు.

కరెంటు బిల్లు ఆ రాత్రి అలమర మీద ఉంది. నీలం పెన్ను అల్లుడిది, చీరల లెక్క రాసేది. దిద్దింది కవేనా, నాయకుడేనా అని వ్యాఖ్యాతలు అడగవచ్చు. మూడక్షరాలను పట్టుకొని చేతిరాత తేల్చడం కష్టం.