‘అతి త్వరిత మార్గం’ అనే శాస్త్రం

సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు చేరడానికి అన్నిటికన్నా మంచి దారి ఏదన్న ప్రశ్నకు హైదరాబాదులో జవాబు తెలియని మనిషి లేడు. ఆ పూట సామాను మోసే పని తనకు లేనివాడికైతే అది మరింత స్పష్టంగా తెలుసు. ఇటువంటి నిపుణులు ఫోనులో పటం తెరిచి, రంగుగీతల మీద కనబడే నిమిషాలను కూడి, మెట్రోను మించినది లేదని తీర్పు చెబుతారు. 2017 నవంబరులో మొదలై, మూడు కారిడార్లలో సుమారు 69 కిలోమీటర్లకు విస్తరించిన ఆ మెట్రో వేగాన్ని ఎవరూ కాదనరు. చిక్కల్లా, ప్రయాణికుడు ఒక మెట్రో స్టేషనులో పుట్టి మరో మెట్రో స్టేషనులో లయమైపోతాడన్న సిద్ధాంతంతోనే.

రవాణా ప్రణాళికలో ‘మార్పిడి భారం’ అనే భావన ఒకటుంది: ఒక బండి దిగి మరొకటి ఎక్కేటప్పుడు నడకలోనూ ఎదురుచూపులోనూ గడిచే నిమిషం, బండిలో గడిచే నిమిషంకన్నా బరువుగా తోస్తుందని, అందుచేత లెక్కల్లో దాన్ని దాదాపు రెట్టింపుగా చూడాలని దాని సారం. మియాపూర్‌లో ఎర్రగీత ఎక్కి, అమీర్‌పేటలో దిగి, ఎస్కలేటరు వెతుక్కుని నీలిగీత అందుకుని, సికింద్రాబాద్ ఈస్ట్‌లో మళ్లీ రోడ్డున పడేసరికి, ఒక చేత చక్రాల పెట్టె, మరో చేత ఆవకాయ డబ్బా పట్టుకున్న గృహస్థుకు ఈ భావన ఏ గ్రంథమూ చదవకుండానే అరచేతిలో అచ్చు పడి కనిపిస్తుంది.

ఈస్ట్ ఉన్నది గనుక వెస్ట్ కూడా ఉన్నది. ఈస్ట్ నీలిగీత మీద, వెస్ట్ ఆకుపచ్చ గీత మీద ఉన్నాయి. రెండింటికీ రైల్వే స్టేషను పేరే ఉన్నా, రెండింటిలో దేన్లో దిగినా రైలు కోసం రోడ్డు మీద నడవక తప్పదు. దిక్కు చెప్పడమంటే దారి చూపడమేనని నమ్మేవారికి ఇది చాలు గాని, చక్రాల పెట్టెకు చాలదు. అది ఫుట్‌పాత్ పలకల సందుల్లో ఒకటికి రెండుసార్లు పల్టీ కొట్టి, చివరకు యజమాని నెత్తికెక్కుతుంది.

రోడ్డు ముఖం చూపకుండా నేరుగా స్టేషను ప్లాట్‌ఫారం మీదనే దింపే సాధనం లేకపోలేదు. దూరప్రయాణపు రైళ్ల పట్టాల మీదనే నడిచే నగర రైలు, అంటే ఎంఎంటీఎస్, 2003 ఆగస్టు నుంచి ఆ పని చేస్తూనే ఉన్నది. దాని కనీస టికెట్ 5 రూపాయలే. అయితే పట్టాలు పంచుకున్న పాపానికి, పెద్ద రైలు వస్తే సిగ్నలు దగ్గర ఒదిగి నిలబడే కోడలి మర్యాద దానికి తప్పదు. ఒకటి తప్పిపోతే తరువాతిదాని కోసం చూసే ఎదురుచూపు ఒక్కోసారి మొత్తం ప్రయాణంకన్నా పొడుగవుతుంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, పట్టా ఉన్నచోట బండి లేదు, బండి ఉన్నచోట పట్టా లేదు. సిటీ బస్సును నిపుణులు లెక్కలోకే తీసుకోరు గాని, 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక నగరంలో సగం మంది ఈ చర్చ నుంచి తప్పుకుని, దొరికిన బస్సెక్కి వెళ్లిపోయారు. ఇక తెల్లవారి ఆరు దాటిన కాసేపటికే బయలుదేరే తిరుపతి వందేభారత్‌కు, ఆరింటికి నిద్రలేచే మెట్రోను సూచించే పండితుడి దగ్గర వాదన అనవసరం.

అసలు వింత ఏమిటంటే, ఇంత శాస్త్రం ‘స్టేషను’ అన్న చోట ఒక చుక్క పెట్టి ఊరుకుంటుంది. ఆ చుక్క లోపల పది ప్లాట్‌ఫారాలున్నాయి. ఒకటో నంబరు ఒకవైపు రోడ్డుకు, పదో నంబరు బోయిగూడ వైపుకు తెరుచుకుంటాయి. తప్పు వైపున దిగినవాడు, మెట్రోలో మిగుల్చుకున్న నిమిషాలన్నీ పాదచారుల వంతెన మెట్ల మీద వడ్డీతో చెల్లిస్తాడు. ఉపగ్రహాల సాయంతో నడిచే పటానికి తట్టని ఈ సంగతి, ఖాకీ చొక్కా వేసుకున్న ఆటో డ్రైవరుకు మాత్రం మీటరు వేయడానికి, పోనీ, వేయకపోవడానికి ముందే తడుతుంది: “ఒకటో నంబరు దిక్కా, పదో నంబరు దిక్కా?”