హ్యాండిల్ బిగింపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

గుర్తు మునుగునట్లు గొట్టములోపల
దింపి గ్రీజు పూసి తిన్నగాను
చక్రమెదుట నిలిచి సరిచూచి బోల్టును
బిగియ జేసి చూచి పిదప నెక్కు.

అవతారిక: పాత సైకిలుకు ఓవరాయిలింగ్ అంతా షాపులో చేయించి, హ్యాండిల్ మాత్రం తానే బిగించుకుంటానని పానా పట్టిన గృహస్థుకు కవి హితవు చెబుతున్నాడు. ఇప్పటి సైకిళ్లు చాలావాటిలో హ్యాండిల్ స్టెమ్ము ఫోర్కు గొట్టాన్ని బయటినుంచి పట్టుకుంటుంది. పాతవాటిలో హ్యాండిల్ కాడ గొట్టంలోకి దిగి లోపలినుంచి పట్టుకుంటుంది. ఈ పద్యానికి అధికారులు రెండోరకం వారే.

ప్రతిపదార్థం: గుర్తు = కాడమీద చెక్కిన కనీసపు లోతు గీత; మునుగునట్లు = పైకి కనబడకుండా; గొట్టములోపల = ఫోర్కు గొట్టంలోకి; దింపి = దించి; గ్రీజు పూసి = కాడ చుట్టూ పలచగా రాసి; చక్రమెదుట నిలిచి = ముందు చక్రానికి ఎదురుగా నిలబడి; తిన్నగాను = హ్యాండిల్ వంకర లేకుండా; సరిచూచి = సూటి చూసుకొని; బోల్టును = కాడ నడినెత్తిన ఉన్న పొడవాటి బోల్టును; బిగియ జేసి = పానాతో బిగించి; చూచి = పరీక్షించి; పిదప = ఆ తర్వాతే; ఎక్కు = సైకిలెక్కుము.

తాత్పర్యం: ముందు లోతు, ఆ పైన సూటి, చివరికి బిగింపు. ఇవి మూడూ కుదిరాకే సవారీ.

విశేషాలు: లోకం బిగింపును నమ్ముతుంది, కవి లోతును నమ్మాడు. అందుకే గుర్తుతో పద్యం ఎత్తుకున్నాడు. బోల్టు తిప్పితే కాడ అడుగున ఉన్న ఏటవాలు దిమ్మ పైకి వస్తూ పక్కకు జరిగి గొట్టం గోడను ఒత్తుతుంది. కొన్నింటిలో దిమ్మకు బదులు కోను ఉండి, చీలికలున్న కాడ అంచును విప్పారుస్తుంది. ఫోర్కు గొట్టం పైభాగంలో మరలు కోసి ఉంటాయి, అక్కడ గోడ పలచన. ఒత్తిడి అక్కడే పడితే గొట్టం పగిలే ప్రమాదం ఉంది. గుర్తు మునిగితే ఆ ఒత్తిడి మరల కిందికి, దిట్టమైన చోటికి పోతుంది. గుర్తు లేని కాడ సుమారు 65 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు లోపల ఉండాలి. అడుగు దిమ్మను ఈ లెక్కలో కలపకపోవడం క్షేమం.

పూర్వపక్షం: “దింపి గ్రీజు పూసి” అన్నాడే, దించాక ఎక్కడ పూసేది?

సిద్ధాంతం: పాఠక్రమం కంటే అర్థక్రమం బలీయమని మీమాంసకులు చెప్పనే చెప్పారు. ముందు పూయాలి, తర్వాత దించాలి. గ్రీజు పూస్తే జారదా అంటే, జారదు. పట్టంతా దిమ్మ ఒత్తిడిది. పూయకపోతే వాననీరూ చెమటా దిగి అల్యూమినియం కాడ ఉక్కు గొట్టంలో కరుచుకుపోతుంది. ఆ సంధిని విడదీయడం ఏ వైయాకరణుడి తరమూ కాదు.

పాఠాంతరాలు: అంగుళం ఫోర్కుల్లో ఎక్కువవాటికి 22.2 మిల్లీమీటర్ల కాడ పడుతుంది. పాత ఫ్రెంచి సైకిళ్లకు 22, కొన్ని పాత అమెరికా సైకిళ్లకు 21.1. లావు కాడను సుత్తితో దించడం అపపాఠం. సన్న కాడను ఎంత బిగించినా నమ్మరాదు.

“చూచి” రెండుసార్లు రావడం పునరుక్తి కాదు. మొదటిది సూటి కోసం, రెండోది పట్టు కోసం. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ను రెండు చేతులా మెలిపెట్టి చూడాలి, కదలరాదు. అలాగని పానాకు పైపు తొడిగి వేలాడితే ఫోర్కు గొట్టం ఉబ్బుతుంది. అది అతివ్యాప్తి దోషం.

ప్రక్షిప్తం: పాత కాడ తీసే విధానం పద్యంలో లేదు, షాపువాళ్ల నోట ఉంది. బోల్టును రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేసి, దాని తలమీద చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టాలి. దిమ్మ కిందికి జారి కాడ వదులవుతుంది. తొందరపడి బోల్టు మొత్తం ఊడదీస్తే, పట్టేసిన దిమ్మ గొట్టంలోనే ఉండిపోతుంది.

ఫలశ్రుతి: ఈ పద్యం పఠించినవారికి పుణ్యం మాట ఎలా ఉన్నా, పాటించినవారికి మూతిపళ్లు దక్కుతాయి. నడుము నొప్పని హ్యాండిల్ పైకి లేపి, గీత బయటపడ్డా “గట్టిగానే ఉందిలే” అనుకునే సోదరులకు వ్యాఖ్యాత విన్నపం: ఎత్తు చాలకపోతే పొడవు కాడ కొనుక్కోండి. గీత కనబడుతుంటే మాత్రం ఆ సైకిలెక్కకండి.