తోలుబొమ్మకు పట్టా ఉందా?

ధర్మవరం మండలం నిమ్మలకుంటలో, మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, చిల్లులు పొడిచి, తెర వెనుక దీపపు వెలుగులో ఆడించే విద్య తరతరాలుగా సాగుతుండగా, ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. పట్టా లేకున్నా ఆరితేరినవారిని విశ్వవిద్యాలయాలు ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’గా, అంటే అనుభవమే అర్హతగా గల ఆచార్యులుగా, మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకుండా తీసుకోవచ్చునని యూజీసీ 2022లో సెలవిచ్చింది. అయినప్పటికీ లలితకళల శాఖను పెంచడమంటే కొత్త భవనం, కొత్త కోర్సు పేరు (శిలాఫలకం మరవరాదు) అనుకొనేవారికి నిమ్మలకుంట దారి తెలియదు. లేపాక్షి ఆలయపు పైకప్పుకు బొమ్మలు వేసిన చిత్రకారులే నేడు మామూలు అధ్యాపక పోస్టుకు దరఖాస్తు పెట్టుకొంటే, పట్టా లేదని మొదటి వడపోతలోనే వెనుదిరుగుతారు.