ఆగన్న

ఆరు నెలల పాటు మా ఇంట్లో తల లేని మొండెం ఒకటి ఉండేది. మావాడు ఇంటర్ పాసయ్యాక సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారు చుట్టూ నాలుగు శనివారాలు తిరిగి, ముక్క ముక్క ఏరుకొచ్చి బిగించుకున్న గేమింగ్ కంప్యూటర్ అది. ఒక పక్క గాజు తలుపు, లోపల రంగులు మారుస్తూ తిరిగే ఫ్యాన్లు. మా అమ్మ దాన్ని రెండు శుక్రవారాలు చూసి మూడో శుక్రవారం బొట్టు పెట్టింది. అన్నీ ఉన్నాయి, తెర ఒక్కటే లేదు. డబ్బు లేక కాదు. ఇరవై అయిదు వేలు బీరువాలో పెట్టి ఉంచాం. అందులో అయిదు వేలు మా అమ్మ పింఛనువి.

కొననియ్యనివాడు ఆగన్న.

ఆయన అసలు పేరు రేషన్ కార్డుకు తెలుసు, మాకు తెలియదు. గౌలిపురా నుంచి శాలిబండ దాకా ఎవడు ఏ కరెంటు వస్తువు కొందామనుకున్నా ముందు ఆయనను అడగాలి. అడిగితే వచ్చే మొదటి మాట 'ఆగు'. ఆగు, అన్న. రెండూ కలిసి ఆగన్న అయింది. సవర్ణదీర్ఘమో కాదో వ్యాకరణం తెలిసినవాళ్లు చూసుకుంటారు.

ఇలాంటివాడు ప్రతి బస్తీలో ఒకడుంటాడు. చిల్లిగవ్వ కమిషన్ తీసుకోడు. ఒక చాయ్ తాగిస్తే చాలు, గంటన్నర చెబుతాడు. విచిత్రం ఏమిటంటే ఆయన నౌకరీ పత్తర్‌గట్టీ బట్టల దుకాణంలో. అక్కడ గద్దె మీద కూర్చున్నప్పుడు ఆయన నోట 'ఆగు' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. "గీ డిజైన్ రేపటికి ఉండదమ్మా, గిప్పుడే కట్ చేయించుకో" అంటాడు. రాత్రి తొమ్మిదికి షట్టర్ పడ్డాక మనిషి మారిపోతాడు. పగలంతా జనాన్ని తొందరపెట్టిన పాపాన్ని రాత్రి ఆపి కడుక్కుంటున్నాడేమో అనిపిస్తుంది నాకు.

మావాడు సమస్య చెప్పాడు. వాడికి ఇరవై ఏడు అంగుళాల మానిటర్ కావాలి. ఇంచుమించు అదే డబ్బుకు నలభై మూడు అంగుళాల ఫోర్‌కే టీవీ వస్తుంది కదా అని నా ఆశ. మా అమ్మకు టీవీయే కావాలి, పగలు సీరియల్, రాత్రి మనవడి ఆట. మా ఆవిడకు గోడ మీద మేకు కొట్టకపోతే చాలు. ఇరానీ హోటల్లో మూల బల్ల దగ్గర ఇదంతా విని ఆగన్న చాయ్‌ని సాసర్లో పోసుకున్నాడు.

"కైకు పరేషాన్ తమ్మీ. నువ్వు మౌస్ ఇట్ల కదిపినవ్ అనుకో. తెర మీద మనిషి ఎప్పుడు కదలాలె?"

"అప్పుడే, అంకుల్."

"గీడనే ఉంది అసల్ కథ." కౌంటర్ వైపు వేలు చూపించాడు. "సేఠ్ 'దో చాయ్' అని కేకేసిండు. పోరడు సీదా తెచ్చి బల్ల మీద పెడితే అది మానిటర్. గదే పోరడు మధ్యల ఆగి కప్పు తుడిచి, సాసర్ మార్చి, ఉస్మానియా బిస్కట్ అంచున పేర్చి, మీద ఇంత మలాయి ఏసి తెస్తే అది టీవీ. చూడనీకి మస్తుంటది. కానీ లేటైతది. సినిమాకు ఏం కాదు, సినిమాల నువ్వు ఎవడినీ కాల్చేది లేదు. ఆటల గా లేటుకు నువ్వు సస్తవ్."

ఇన్‌పుట్ ల్యాగ్ గురించి ఇంతకంటే తేటగా చెప్పినవాణ్ణి నేను చూడలేదు. టీవీ తనకొచ్చిన బొమ్మకు రంగులద్ది, మరకలు తీసి, మధ్యలో లేని బొమ్మలు కూడా కల్పించి నునుపు చేస్తుంది. ఆ సోకులకు పట్టే సమయమే ఆలస్యం. "మరి గేమ్ మోడ్ అని ఉంటది కదా అంకుల్?" అన్నాడు మావాడు. "హౌ, ఉంటది. సోకులు బంద్ జేసి సీదా తేరా భై అని పోరణ్ని గదమాయించుడే గేమ్ మోడ్. మంచి టీవీ అయితే వింటడు."

అంటే మంచి టీవీ అయితే పరవాలేదన్నమాట. నేను పర్సు తడుముకున్నాను.

"కానీ ఆగు" అన్నాడు.

ఆ రాత్రి బిల్లు కాగితం వెనక లెక్క కట్టాడు. మామూలు టీవీ 60 హెర్ట్జ్. సెకనుకు అరవై బొమ్మలు, అంటే ఒక్కోటి దాదాపు 17 మిల్లీసెకన్లు నిలబడుతుంది. 144 హెర్ట్జ్ మానిటర్లో ఏడే. ఫోర్‌కే బొమ్మ సెకనుకు 120 సార్లు రావాలంటే టీవీకి హెచ్‌డీఎంఐ 2.1 ఉండాలి. పాత 2.0 గొట్టంలో సెకనుకు 18 గిగాబిట్లే పడతాయి, 2.1లో 48. "రంజాన్ల సాయంత్రం మదీనా చౌరస్తా కాడ లారీ ఎట్ల పోతది? గట్లనే ఉంటది పాత గొట్టం." కొన్ని టీవీల అట్టపెట్టె మీద 120 అని పెద్దగా అచ్చేస్తారట, లోపలి పలక మాత్రం 60దేనట. ఆ ముక్క చెబుతున్నప్పుడు ఆయన గొంతు తగ్గించి, పక్క బల్ల వైపు ఓసారి చూశాడు, టీవీ కంపెనీ మనుషులు పాయా తింటూ వింటున్నట్టు.

మర్నాడు పొద్దున్నే గజంబద్దతో మా ఇంటికి వచ్చాడు. దుకాణంలోదే. నలభై మూడు అంగుళాలంటే మూల నుంచి మూలకు కొలత, వెడల్పు మూడడుగుల పైచిలుకు. మా బల్ల రెండున్నర అడుగులు. దుకాణంలో బట్ట మీద గీసే సున్నపు ముక్కతో బల్ల అంచులకు అవతల గాలిలో రెండు గీతలు గీశాడు. "టీవీ కాళ్లు ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి ఉంటయి. గాలిల నిలబడతదా? సరే, బల్ల మారుస్తవ్. రెండడుగుల దూరంల కూసుంటవ్. ఎడమ మూలల ఎన్ని తూటాలున్నయో చూడనీకి మెడ తిప్పాలె, కుడి మూలల మ్యాప్‌కు మళ్లీ తిప్పాలె. గుర్రపుబండి గుర్రానికి కూడా గంత మెడ నొప్పి ఉండదు."

ముప్పై రెండు అంగుళాల చిన్న టీవీ తెద్దామంటే దానికీ జవాబు ఉంది. ఆ సైజు చవక టీవీలు చాలావరకు అడ్డం 1366 చుక్కలవే. ఒక్కో చుక్క అర మిల్లీమీటరు ఉంటుంది. సోఫా నుంచి చూస్తే తెలియదు, బల్ల ముందు కూర్చుంటే చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. "ముగ్గు లెక్క" అన్నాడు. ముగ్గు అనగానే మా అమ్మ తలెత్తి చూసింది.

ఇన్ని చెప్పాక ఎవడైనా ఏమంటాడు? మానిటర్ కొనుక్కో అంటాడు. ఆగన్న అలా అనడు. అంటే కథ అయిపోతుంది కదా.

"జీఎస్టీ తగ్గుతది. ఆగు."

ఆగాం. ఆషాఢం వచ్చింది. లాల్ దర్వాజా బోనాలకు మా గల్లీ కుర్రాళ్లు ఎల్‌ఈడీ తెర అద్దెకు తేవాలనుకుని ఆయన దగ్గరకు పోయారు. చుక్కకూ చుక్కకూ మధ్య దూరం ఎంతో కనుక్కోండి, దగ్గర దగ్గరగా ఉండే రకం వచ్చేదాకా ఆగండి అన్నాడట. పోతరాజు వేషం కట్టే కుర్రాడు "అమ్మవారిని గూడ ఆగమంటవా అన్నా?" అని కొరడా ఝళిపించేసరికి, మా బస్తీ చరిత్రలో మొదటిసారి ఆయన "సరే, తెచ్చుకోండ్రి" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, జీఎస్టీ తగ్గింది. 2025 సెప్టెంబరు 22న ముప్పై రెండు అంగుళాలు దాటిన తెరల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ సాయంత్రం ఆగన్న హోటల్లోకి నడిచొచ్చిన తీరు చూడాలి. భుజం మీద శాలువా లేదు గానీ ఉన్నట్టే ఉంది. సేఠ్ లేచి చాయ్ ఇచ్చాడు. ముగ్గురు చేతులు కలిపారు. ఫలక్‌నుమా నుంచి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్ ఒకడు "ఢిల్లీల మీకు ఎవరైనా ఉన్నరా?" అని అడిగాడు. ఆగన్న కాదనలేదు, అవుననలేదు.

మావాడు ఫోన్లో ఏదో చూసి తలెత్తాడు. "అంకుల్, నా మానిటర్ ఇరవై ఏడు అంగుళాలే కదా. ముప్పై రెండు దాకా 2019 జనవరి నుంచే 18 శాతమంట."

హోటల్లో ఆ బల్ల వరకు నిశ్శబ్దం. సాసర్లో చాయ్ ఆరిపోయింది. ఆగన్న మూతి తుడుచుకున్నాడు.

"అయితే దివాలీ సేల్ రానీ."

ఆ ఆదివారం ఆఖరి మాట అడిగేద్దామని ఆయన ఇంటికే వెళ్లాం. ఛత్రినాక వైపు సందు, ఇద్దరు ఎదురైతే ఒకరు గోడకు ఒరగాలి. ఇంత తెలిసిన మనిషి ఇంట్లో ఏ తెర ఉంటుందోనని దారంతా మావాడు ఒకటే ఊహించాడు.

చెక్కపెట్టెలో ఈసీ టీవీ. మన ఊరి ఈసీఐఎల్ వాళ్లది, ఆయన నాయన కొన్నది, నలుపు తెలుపు. పైన క్రోషియా గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ పూలు. "కొత్త టీవీ కొంటనని ఇరవై ఏండ్ల సంది ఆగుతుండు" అన్నది వదినె, నీళ్ల గ్లాసులు పెడుతూ. మాకు కాదు చెప్పింది, పూలకు.

ఆగన్న నొచ్చుకోలేదు. బల్ల కిందినుంచి అట్టపెట్టె లాగాడు. తొంభైల్లో ప్రతి ఇంట్లో ఉండే టీవీ వీడియో గేమ్, పసుపుపచ్చ క్యాసెట్, ఒక ప్లాస్టిక్ తుపాకి. యాంటెనా తీగ పీకి ఆ చోట తగిలించి, ఛానల్ మీట ఎవరో పాత దోస్తు చెవి మెలిపెట్టినట్టు తిప్పాడు. బాతులు ఎగిరాయి. 1984లో నింటెండో వాళ్లు తెచ్చిన డక్ హంట్. మావాడు కాల్చాడు, తప్పాడు, గడ్డిలోంచి కుక్క లేచి నవ్వింది.

"తుపాకిలోంచి ఏం రాదు తమ్మీ. తుపాకికి కన్నుంది, గంతే. నువ్వు మీట నొక్కంగనే తెర ఓ క్షణం నల్లగైతది, బాతున్న జాగల తెల్ల డబ్బా మెరుస్తది. తుపాకి కన్ను దాన్ని చూస్తే బాతు పడ్డట్టు. గా మెరుపు ఠంచన్‌గ రావాలె. కొత్త టీవీలు సోకులు చేస్కుంట రెప్పపాటు లేటు చేస్తయి. లేటైతే కన్నుకు ఏం కనవడదు. గందుకే ఇది తీసెయ్యలె."

ఒక్క మిల్లీసెకను ఆలస్యాన్ని కూడా సహించని ఆ మనిషి ముందు మావాడు రెండు గంటలు బాతులు కొట్టాడు. మానిటర్ మాట ఎత్తనే లేదు.

సోమవారం ఎవరికీ చెప్పకుండా సీటీసీకి పోయి తెచ్చేసుకున్నాడు. ఇరవై ఏడు అంగుళాలు, 165 హెర్ట్జ్. వారం తర్వాత ఆగన్న వచ్చాడు. ఎంతకు తెచ్చావని అడగలేదు, ఆగి ఉంటే ఎంత మిగిలేదో చెప్పలేదు. కుర్చీ లాక్కుని మౌస్ పట్టుకుని బాణం గుర్తును గుండ్రంగా తిప్పాడు, కళ్లు చిట్లించాడు. సెట్టింగ్స్‌లోకి పోయాడు, డిస్‌ప్లే, దాని లోపల ఇంకో పేజీ. "గీ వారం రోజులు 60 మీదనే ఆడినవ్ బిడ్డా." మావాడి మొహం ఎర్రబడింది. ఆగన్న 165 నొక్కి మళ్లీ బాణం తిప్పాడు. ఈసారి అది నూనెలో జారినట్టు జారింది. తిప్పుతూనే ఉన్నాడు. మా ఆవిడ తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది.

మా అమ్మ వచ్చి తెర ముందు నిలబడింది. "సీరియల్ ఎట్ల పెట్టాలె?"

"దీంట్ల ఛానళ్లు రావు పెద్దమ్మా. స్పీకర్ గూడ లేదు."

"మాట గూడ రాదా! మరి గిదేం టీవీరా?" మా అమ్మ చెయ్యి చాపింది. "నా అయిదు వేలు నాకియ్యి."

మావాడు నన్ను చూశాడు. నేను ఆగన్నను చూశాను.

"ఆగు పెద్దమ్మా" అన్నాడు ఆయన, బాణం మీంచి చూపు తిప్పకుండా.